బండి తోలింది నేనే

మా ఆయనకు బండి నడపడం రాదు. ప్రొద్దుటూరులో బట్టల కొట్టు ఉంది. పట్టుచీర అంచు వేలితో తడిమి అది ఏ ఊరి నేతో చెప్పేస్తాడు. రెండు చక్రాల మీద కూర్చోబెడితే మాత్రం మనిషి బిగుసుకుపోతాడు. పెళ్లయిన కొత్తలో నేర్పిద్దామని కాలేజీ మైదానానికి తీసుకుపోయాను. నేరుగా వెళ్లి గోల్ పోస్టును గుద్ది, దిగి, తాళం నా చేతిలో పెట్టి, నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ముందు సీటు నాది, వెనక సీటు ఆయనది. బండి మాత్రం ఆయన పేరు మీదే ఉంది. కొన్నప్పుడు షోరూము వాళ్లు ఎవర్నీ అడక్కుండా అలా రాసేశారు. మేమూ పట్టించుకోలేదు.

నేను జమ్మలమడుగు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. రోజూ కుచ్చిళ్లకు పిన్ను పెట్టుకుని మోటార్ సైకిల్ మీదే పోతాను. దారిలో జనం మొదటి ఏడాది నోరు తెరిచి చూశారు. రెండో ఏడాదికి మూసుకున్నారు.

ఆ పొద్దున పెద్ద రోడ్డు మీద తారు వేస్తున్నారని పొలాల మధ్య సన్నదారి పట్టాను. రెండు పక్కలా మనిషెత్తు జొన్న. ఎదురుగా ఓ పెద్దాయన మోపెడ్ మీద వస్తున్నాడు, కాళ్ల దగ్గర టమోటా బుట్ట పెట్టుకుని. ఇద్దరం నిదానంగానే వస్తున్నాం. అప్పుడు, దేవుడి పేరున వదిలేసిన ఆబోతు ఒకటి జొన్నలోంచి రోడ్డెక్కింది. ఎక్కి నిలబడినా బాగుండేది. నా వైపు రెండడుగులు వేసి, మనసు మార్చుకుని ఆయన వైపు తిరిగింది. దానికీ గట్టుకూ మధ్య ఒకటే సందు. అది నాకూ కనబడింది, ఆయనకూ కనబడింది.

లేచి కూర్చునేసరికి చేలల్లో పని చేస్తున్న వాళ్లు పరుగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్లు ముందు ఆబోతు దగ్గరికి పోయారు.

"బసవన్నకేం కాల్యా కదప్పా?" అని ఒకాయన దాని మెడ నిమిరాడు. ఇద్దరు ముగ్గురు దండం పెట్టుకున్నారు. అది తోక ఊపి అవతలి చేలోకి దిగిపోయింది. అప్పుడు మేం గుర్తొచ్చాం. రోడ్డంతా ఎర్రగా ఉండటం చూసి ఒకామె నెత్తిన చేతులు పెట్టుకుంది.

"అయ్యో, ఎంత రగతం!"

"రగతం కాదుమ్మా, టమోటాలు," అన్నాడు పెద్దాయన, పడిన చోటునుంచే. "ఈ పొద్దుటి రేటుకు రగతమైనా బాగుండు."

ఒకాయన నా దగ్గరికొచ్చి, "మీ ఆయన యాడ పడినాడుమ్మా?" అని అడిగాడు.

కొట్లో ఉన్నాడన్నాను. దెబ్బకు మతి తప్పి మాట్లాడుతున్నాననుకున్నారు పాపం. ఇద్దరు మనుషులు జొన్నలోకి దిగి వెతకడం మొదలుపెట్టారు.

"అన్నా! ఓ అన్నా! పలకన్నా!"

"ఈడ లేడప్పా!"

"ఆ గట్టు కింద చూడు!"

మోచేతి మీద అసలు రక్తం తుడుచుకుంటూ, అక్కడ లేని మా ఆయన కోసం ఊగుతున్న జొన్న కంకులను చూస్తూ కూర్చున్నాను. నవ్వాగలేదు. నవ్వేసరికి మతి తప్పిందన్న మాట ఖాయమైపోయింది.

తర్వాత తీర్పు మొదలైంది. ఆడమనిషి బండి తోలితే ఇంతేనని కొందరు, ముసలాయనకు కళ్లు కనపడవని కొందరు. పెద్దాయన గీసుకుపోయిన మోకాలు పట్టుకుని లేచాడు. పెద్దముడియం దగ్గర పల్లె ఆయనది, పదెకరాల రైతు.

"ఊరుకోండప్పా. తప్పు నాదీ కాదు, ఈయమ్మదీ కాదు. తప్పు చేసినోనికి మీరు ఇప్పుడే దండం పెట్టి పంపిచ్చినారు," అన్నాడు.

రాయితో నాలుగు దెబ్బలు కొట్టి తన మోపెడ్ హ్యాండిల్ తానే సరిచేసుకున్నాడు. పని పడితే చెప్పమని తన ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లిపోయాడు.

నా బండి అలా లేచేది కాదు. ముందు ఫోర్కులు వంగిపోయాయి, హెడ్‌లైటు పొడి అయింది, ట్యాంకు సొట్టపోయింది. ట్రాలీ ఆటోలో ప్రొద్దుటూరు షెడ్డుకు చేర్చాం. బండి ఎవరి పేరు మీదుందో చూసి బీమా ఫారం షెడ్డు వాళ్లే నింపేశారు. నేను మోచేతికి కట్టు కట్టించుకోవడానికి పోయుంటే మా ఆయన సంతకం పెట్టి వచ్చాడు.

మూడు రోజుల తర్వాత పులివెందుల నుంచి సర్వేయరు ఫోన్ చేశాడు. దెబ్బతిన్న బండిని చూసి, క్లెయిమ్ ఇవ్వొచ్చో లేదో రాసేది ఆయనే.

"మేడమ్, సార్ లైసెన్సు పంపల్యా మీరు."

"ఆయనకు లైసెన్సు లేదండీ."

"లైసెన్సు లేకుండా తోలినాడా?"

"ఆయన తోలలేదు. తోలింది నేను."

అటు కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడింది. "ఫారంలో తోలింది సార్ అని ఉండాది. కింద సార్ సంతకం ఉండాది. లైసెన్సు లేదని తేలినాక మీరు తోలినానంటాండారు. నేనేం అనుకోవల్ల?"

అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనుకునేదాన్ని. ఫోన్ పెట్టేసి మా ఆయన వైపు తిరిగాను. చదవకుండా ఎలా పెట్టావన్నాను.

"చదివి సంతకం పెట్టేవాన్నే అయింటే మన పెళ్లి కాయితాల మీద పెట్టింటానా?" అన్నాడు. ఆ పూట అన్నం ఆయనే వడ్డించుకున్నాడు.

పెద్దాయనకు ఫోన్ చేశాను. విషయం విని, "నన్ను గుద్దింది నువ్వేనని చెప్పల్ల, అంతే కదా? దాందేముందిమ్మా, చెప్తా," అన్నాడు.

శుక్రవారం స్కూలుకు సెలవు పెట్టి ముగ్గురం బస్సులో పులివెందుల పోయాం. సర్వేయరు ఒక చిన్న గదిలో ఫైళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. నిద్ర చాలని ముఖం. పెద్దాయన కుర్చీలో కూర్చోకుండా సాక్షిలా నిలబడి చెప్పాడు.

"ఈయమ్మ నన్ను గుద్దింది సార్. నేనూ ఈయమ్మను గుద్దినా. ఇద్దరం ఒగేసారి గుద్దుకుంటిమి."

"అప్పుడు ఈ సార్ బండి మీద లేడా?"

"లేడు సార్. చేలో శానాసేపు యెతికినారు, దొరకల్యా."

మా ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. సర్వేయరు నవ్వలేదు. నా లైసెన్సు అటూ ఇటూ తిప్పాడు.

"లైసెన్సులు ఎట్ల వస్తాయో నాకు తెల్దా మేడమ్? అందులోనూ గేర్ల బండి."

ఒళ్లు మండింది. బయట వేపచెట్టు కింద అతని బండి ఉంది, నా బండి కంటే బరువైనది. చెయ్యి చాపాను.

"మీ తాళం ఇవ్వండి."

అతను మా ఆయన వైపు చూశాడు. "ఇచ్చేయండి సార్," అన్నాడు మా ఆయన. "ఇయ్యకుంటే ఇంగా కష్టం."

కొంగు నడుముకు దోపి స్టార్ట్ చేశాను. మోచేతి పుండు చురుక్కుమంది. వీధి చివర లారీ వెనక్కి వస్తుంటే ఆగి, దారిచ్చి, పెద్ద రోడ్డెక్కి రెండు బస్సులను దాటి తిరిగొచ్చాను. ఆఫీసు ముందు దుమ్ములో కాలు కింద పెట్టకుండా రెండు చుట్లు కొట్టి, ముందు చక్రం అతని చెప్పుల ముందు ఆపాను. అతను ఓ అడుగు వెనక్కి వేశాడు. దుకాణాల ముందు టీ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"క్లచ్ లూజుగా ఉంది. చూపించుకోండి," అని తాళం ఇచ్చాను.

"మెకానిక్కూ అదే అన్న్యాడు మేడమ్," అన్నాడు, మొదటిసారి మామూలు మనిషిలా.

లోపలికి పోయి కొత్త కాగితం ఇచ్చాడు. తోలింది నేనేనని నా చేత రాయించి, పొరపాటున మొదటి ఫారం మీద సంతకం పెట్టానని మా ఆయన చేత రాయించాడు. ప్రమాదానికి కారణం దగ్గర కలం ఆగింది.

"ఆ ఎద్దు ఎవరిది?"

"దేవునిది సార్," అన్నాడు పెద్దాయన.

"దేవుడని రాస్తే పైవాళ్లు దేవుని అడ్రసు అడుగుతారు పెద్దాయనా." ఆలోచించి, 'యజమాని లేని పశువు' అని రాశాడు.

"యజమాని లేడంటే ఎట్ల సార్, వారం వారం టెంకాయ కొడతాంటే?" అని పెద్దాయన గుమ్మం దాకా వాదిస్తూనే వచ్చాడు.

క్లెయిమ్ వచ్చింది. ప్లాస్టిక్ సామాన్లకు సగమే ఇచ్చారు. అది వాళ్ల రూలట, గొడవ పడలేదు. నెల తర్వాత షెడ్డులో బండి సిద్ధమైంది. తీసుకుని వీధి చివరిదాకా పోతే హ్యాండిల్ ఎడమకు లాగుతోంది. వెనక్కి తెచ్చాను.

"కొత్త ఫోర్కు కదా మేడమ్, అలవాటైపోతాది," అన్నాడు మెకానిక్.

అలవాటు చేసుకోనన్నాను. స్టూలు వేసుకుని షెడ్డు మధ్యలో కూర్చున్నాను. గొణుక్కుంటూ ముందు చక్రం మళ్లీ విప్పాడు. లోపల ఒక వాషరు తిరగేసి బిగించి ఉంది. సరిచేసి బిగించేసరికి మధ్యాహ్నం అయింది. ఆ రోజు తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కల క్లాసు తప్పిపోయింది. మర్నాడు చూస్తే వాళ్లేం బాధపడినట్టు కనబడలేదు.