గీటు పడని వెండి నాణెం

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. జరీ ఎవరు తెచ్చినా సరే, అసలుదో నకిలీదో గీటురాయి మీద రుద్ది చూసిగానీ మగ్గం మీదికి ఎక్కనిచ్చేవాడు కాదు. అంతవరకు మంచిదే. డెబ్బైలలో ఆయనకు సర్కారు విడుదల చేసే పది రూపాయల వెండి నాణేలు పోగుచేసే పిచ్చి పట్టుకుంది. వాటినీ అట్లాగే రుద్దేవాడు. సర్కారు ముద్ర ఉంటే చాలదు, ఆయన రాయి కూడా ఒప్పుకోవాలి.

ఆ వరసలో మొదటి ఏడాది వచ్చిన నాణెం ఒక్కటే ఆయన దగ్గర లేదు. దానికోసం ఆయన అడగని కంసాలి లేడు, బతిమాలని బ్యాంకు గుమాస్తా లేడు. అన్నం ముందు కూర్చున్నా దాని మాటే. వినీ వినీ మా అమ్మకు విసుగు పుట్టింది.

చివరికి గార్లదిన్నెలో రిటైరైన ఒక బడి అయ్యవారి దగ్గర అలాంటివి రెండున్నాయని తెలిసింది. నాయన జరీ అంచు కండువా ఒకటి నేసి, దానికి బదులు ఒక నాణెం ఇమ్మని ఆయన్ను ఇంటికి పిలిచాడు. ఆయన వచ్చీ రాగానే నాయన గొప్పగా డబ్బా తెరిచి తన నాణేలు చూపించాడు. అయ్యవారు ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూసి తల పట్టుకున్నాడు.

"ఏమప్పా, అన్నిటి అంచులూ అరగదీసినావే? ఇంగ వీటిని ఎవురు ముట్టుకుంటారు?"

"రుద్దకుండా యెట్ల నమ్మేది అయ్యవారూ?" నాయన అమాయకంగానే అడిగాడు.

అయ్యవారు తెచ్చిన నాణేన్ని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. నాయన ముఖం చూస్తే నాకే జాలేసింది. నాయన చాలాసేపు బతిమాలాక, "దీన్ని రాయికి తగిలించనని మాటియ్యి" అన్నాడు అయ్యవారు. నాయన మాట ఇచ్చాడు, కండువా ఇచ్చాడు, నాణెం తీసుకున్నాడు.

ఆ వారమంతా మగ్గం గుంటలో కూర్చున్నా చూపు డబ్బా మీదే. మాట తప్పలేడు, నమ్మనూ లేడు. ఎనిమిదో రోజు నాణెమూ రాయీ పట్టుకుని వంటింట్లోకి పోయి అమ్మ ముందు పెట్టాడు.

"మేయ్, మాటిచ్చింది నేను. నువ్వు కాదు గదా. ఒక్క తూరి రుద్దు."

జొన్నరొట్టె తడుతున్న అమ్మ తల కూడా ఎత్తలేదు. "నన్ను చేసుకునేటప్పుడు యే రాయి మీద రుద్ది చూసినావు?"

నాయన రాయిని జేబులో వేసుకుని, నాణేన్ని పంచె కొసతో తుడిచి డబ్బాలో పెట్టాడు.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. డబ్బా నా దగ్గరుంది. అరిగిన అంచులు చూస్తే నాయన మీద నవ్వొస్తుంది. అరగని ఆ ఒక్కటీ చేతికి తగిలితే మాత్రం ఇద్దరి మీదా బెంగ పుడుతుంది. అది అసలుదో కాదో నేనూ రుద్ది చూడలేదు.