నానీమా ఐదో గుడ్డ

1983 డిసెంబరు 23, శుక్రవారం. ఏడు గంటలలోపు అయిన పనులు: వాకిలి ఊడ్చడం, కుళాయి నీళ్లు ఆరు బిందెలు పట్టడం, పాలు కాచడం, జుమ్మా నమాజుకు మా ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయడం, సంకటికి ఎసరు పెట్టడం. నూకలు కడుగుతూ ఉంటే నానీమా తమ్ముడి కోడలు వచ్చి వాకిట్లో నిలబడింది. "అక్కా, నానీమా పోయింది" అంది. ఆ రోజుకు రాసి పెట్టుకున్న మిగతా పనులు అలాగే ఉండిపోయాయి.

తెల్లవారుజామున నమాజు చదువుకుని వేణ్ణీళ్లు అడిగిందట. కోడలు చెంబుతో తెచ్చేసరికి గోడకు ఆనుకున్న మనిషి ఆనుకున్నట్టే ఉంది, ఊపిరి మాత్రం లేదు. డెబ్భై ఎనిమిదేళ్లలో ఆమె ఒకరితో సేవ చేయించుకున్నదంటే ఆ చెంబెడు నీళ్లే. అవీ తాగలేదు.

చిత్తూరులో మా మసీదు వీధిలో మూడు తరాల ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పిన మనిషి ఆమె. ఎవరికీ అమ్మమ్మ కాదు, పిల్లలు లేరు. వీధంతా నానీమా అనే పిలిచేది.

మంచం కింద రేకుపెట్టె తీశారు. మాలో ఆడమనిషిని సాగనంపేటప్పుడు కఫన్‌గా ఐదు తెల్లగుడ్డలు వేస్తాం. నానీమా వాటిని ఎన్నో ఏళ్ల కిందటే సిద్ధం చేసుకుంది. ఆమె అన్న మక్కా నుంచి తెచ్చిన జమ్‌జమ్ బావి పవిత్ర నీళ్లలో తడిపి, ఆరబెట్టి, కర్పూరం బిళ్లలతో మడిచి పెట్టుకుంది. "నాకు ఈ ఐదే వేయాల, వేరేవి వద్దు" అని మా అందరితోనూ చెప్పింది. పెట్టెలో గుడ్డలు లెక్క పెట్టారు. నాలుగే ఉన్నాయి. తలకు కప్పే ముసుగు గుడ్డ లేదు.

అది ఎక్కడుందో ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. ముందురోజు దాన్ని నా చేతులతో మిషన్ బడికి ఇచ్చి వచ్చాను. క్రిస్మస్ నాటకంలో మరియమ్మ వేషం వేసే పిల్ల తలమీద కప్పడానికి.

చదివేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. క్రిస్మస్ మన పండుగ కాదని జీవితమంతా చెప్పిన మనిషి కఫన్ గుడ్డ క్రిస్మస్ నాటకంలోకి ఎలా పోయిందో చెప్పాలంటే కొంచెం వెనక్కు వెళ్లాలి.

నేను పలమనేరు వైపు పల్లెలో పుట్టాను. మా ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష లేదు. పెళ్లయి ఈ వీధికి వచ్చినప్పుడు నాకు ఇరవై ఏళ్లు, అరబ్బీ అక్షరం ఒక్కటి తెలియదు. ఆ సంగతి మా అత్తకు తెలిస్తే తల ఎత్తుకోలేనని భయం. నానీమా ఎలా పసిగట్టిందో, ఒకరోజు మధ్యాహ్నం చేటలో బియ్యం తీసుకుని మా వంటింటి గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. "నా కండ్లు సరిగ్గా కనపడటం లేదు మే, రాళ్లు ఏరిపెట్టు" అంది. నేను ఏరుతూ ఉంటే చీపురుపుల్లతో నేలమీద అక్షరం గీసింది. అలా రెండేళ్లు రోజూ రాళ్లు ఏరాను. ఆ బియ్యంలో అన్ని రాళ్లు ఎప్పుడూ లేవు.

ఎవరైనా తప్పు పలికితే కొట్టేది కాదు. "నోరు ఎండిపోయింది, అందుకే మాట అరిగింది. నీళ్లు తాగి మళ్లా చెప్పు" అనేది. ఆమె అరుగుమీద ఎప్పుడూ కూజా ఉండేది. చదువు రాని పిల్లలు కడుపునిండా నీళ్లతో ఇంటికి పోయేవాళ్లు.

ఏడేళ్ల కిందట మా పెద్దమ్మాయి మిషన్ బడిలో ఐదో తరగతి. ఒక సాయంత్రం ఎగురుకుంటూ వచ్చింది. క్రిస్మస్ నాటకంలో మరియమ్మ వేషానికి పాటల టీచరు తననే ఎంచిందని చెప్పింది. మా అత్త పక్కకు తిరిగి కూర్చుంది. మా ఆయన, "నన్నేమడుగుతావు, నానీమాను అడుగుపో" అని తప్పించుకున్నాడు. పిల్లను తీసుకుని పోయాను. నానీమా ఎగిరిపడుతుందని అనుకున్నాను గానీ ముందు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది.

"బీబీ మర్యం కథ నీకు తెలుసునా పాపా?"

తెలియదంది మా అమ్మాయి. నానీమా చెప్పింది. మర్యమ్మ తనవాళ్లను విడిచి దూరంగా పోవడం, నొప్పులు పడుతూ ఖర్జూర చెట్టు మొదలు పట్టుకోవడం, ఇంతకన్నా చచ్చిపోయి ఉంటే బాగుండు అనుకోవడం, దిగులుపడొద్దని మాట వినిపించడం, కాళ్లకింద ఊట పుట్టడం, చెట్టు ఊపితే పండ్లు రాలడం. "మొగుడు లేడు, మంత్రసాని లేదు, తల్లి లేదు. ఒంటరి ఆడమనిషి. అల్లా ఆమెకు ముందు నీళ్లు ఇచ్చినాడు, తర్వాత తిండి ఇచ్చినాడు. సూడు, ఆడదాని కష్టం ఆయనకు ఎంత తెలుసో." నానీమాకు కాన్పులోనే ఒక బిడ్డ పోయిందని నాకు చాలా తర్వాత తెలిసింది.

"అయితే నేను వేషం వేయొచ్చా?" అంది పిల్ల.

"చివర్లో అందరూ ఏమని పాడతారు?"

"దేవుని కుమారుడు పుట్టినాడని."

"మనం ఆ మాట నమ్ముతామా? వాళ్లు యేసు అనే ఈసా నబీ మనకు గొప్ప ప్రవక్త. అల్లాకు కొడుకు లేడు. వాళ్లు నమ్మి పాడతారు, అది వాళ్ల దోవ. నువ్వు నమ్మకుండా నోటితో పాడితే మనకూ అబద్ధమే, వాళ్లకూ అబద్ధమే. వాళ్ల పండగలో పోయి అబద్ధం చెప్పి వస్తావా?"

మా అమ్మాయి వచ్చిన ఏడుపు ఆపుకుని, తల అడ్డంగా ఊపింది. నానీమా కూజాలోంచి నీళ్లు పోసి ఇచ్చింది.

మరునాడు బడికి నానీమా కూడా వచ్చింది. "వద్దని చెప్పేది నేను గదా, చెప్పాల్సింది నేనే" అంది. హాలులో నాటకం నేర్పిస్తున్నారు. మా అమ్మాయి వేయదని నానీమా చెబితే, బదులుగా ఇంకో పిల్లను నిలబెట్టారు. ఆ పిల్ల తలమీద పాత దోమతెర ముక్క, దానికి చెమ్కీ నక్షత్రాలు అతికించి ఉన్నాయి. పాటల టీచరు నొచ్చుకుంది. "మీవాళ్లకు కూడా మరియమ్మ గొప్పదే కదా, ఏం తప్పని?" అని అడిగింది.

"గొప్పదే. ఆ పండగే మాది కాదు తల్లీ. పుట్టిన తారీకు మా గ్రంథంలో లేదు. మీ దాంట్లో ఉండాదా?"

"లేదు నానీమా. రోము వాళ్లు చలికాలంలో సూర్యుడి పండగ చేసుకునే రోజును తర్వాత పెద్దలు దీనికి పెట్టినారని మా నాయన చెప్పేవాడు. రోజు ఏదైతేనేమి, తలుచుకోవడం కదా ముఖ్యం."

"తలుచుకో తల్లీ, నిన్నెవరు వద్దన్నారు? ఖర్జూరం పండి రాలేది ఎండల్లో గదా, డిసెంబరులో యాడ రాలుతుందని నాకు అనుమానం. మా నబీ పుట్టినరోజు కూడా మా నాయన పండగ చేయలేదు. నబీ చేయమనలేదని మానుకున్నాడు. మా ఇంటి లెక్క అది." టీచరు నవ్వేసింది. నానీమా నవ్వలేదు. దోమతెర వైపే చూస్తూ ఉంది. "అంతా సరే గానీ, బీబీ మర్యం తలమీద దోమతెరేంది మే?"

"ఉన్నది అదే నానీమా. బడిలో ఇంకేముంటుంది?"

ఇంటికి పోగానే నానీమా రేకుపెట్టె తెరిచి ముసుగు గుడ్డ తీసింది. అది కఫన్ కదా అన్నాను. "నా దగ్గర ఇంతకన్నా తెల్లనిది లేదు" అంది. పండగ మనది కాదంటివి, గుడ్డ ఎట్లా ఇస్తావని అడిగాను. "పండగకు యాడ ఇస్తా ఉండాను? మర్యమ్మకు ఇస్తా ఉండా" అంది. కఫన్ అని బడివాళ్లకు చెప్పొద్దని, చెబితే పిల్లలు జడుసుకుంటారని నాచేత ఒట్టు వేయించుకుంది. ఆ గుడ్డను ఆమే తీసుకుపోయి, ఆ క్రైస్తవుల పిల్లకు నుదుటిమీదికి ఒక వెంట్రుక కూడా రాకుండా చుట్టి, గడ్డం కింద మడత పెట్టి చూపించింది. నాటకం చూడటానికి మాత్రం పోలేదు. ఎప్పుడూ పోలేదు.

అప్పటినుంచి ప్రతి డిసెంబరులో ఆ గుడ్డ బడికి పోయేది. తర్వాతి వారంలో పాటల టీచరు ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చి ఇచ్చేది. మా వీధిలో ఇడ్లీపాత్ర నుంచి నిచ్చెన దాకా ఇళ్లు మారని వస్తువు లేదు గనుక నేనొక పుస్తకం పెట్టాను, ఇచ్చినవి, రావలసినవి అని. నానీమా దానిమీద నన్ను ఆటపట్టించేది గానీ ఈ గుడ్డ సంగతి మాత్రం దగ్గరుండి రాయించేది. కుళాయి నీళ్లలో అన్నిసార్లు ఉతికితే జమ్‌జమ్ పోదా అని ఒకసారి అడిగాను. "నీళ్లు పోతాయి. నేను అనుకున్నది యాడికి పోతుంది?" అంది.

పండగనాడు టీచరు ఇంటినుంచి కజ్జికాయలు, కేకు వచ్చేవి. నానీమా తీసుకుని ఉట్టిమీద పెట్టేది, మరునాడు తినేది. "ఈ రోజు ఇది పండగ తిండి. రేపు ఇరుగుపొరుగు తిండి" అనేది. మా ఆయన ఊరుకునేవాడు కాదు.

"ఒక్క రాత్రికి పిండి మారిపోతుందా నానీమా?"

"పిండి మారదు నాయనా. తినేటప్పుడు నేను మారతాను."

పండగ శుభాకాంక్షలు అనే మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. కానీ ప్రతి ఏడూ ఆ రోజు పొద్దున టీచరు ఇంటి ముందు నిలబడి, "బాగుండావా తల్లీ? కాళ్లనొప్పులు తగ్గినాయా?" అని అడిగి వచ్చేది. మిగతా రోజుల్లో ఆ వైపు పోవడానికి ఆమెకు తీరేది కాదు. టీచరుకూ ఆ సంగతి తెలుసు.

మళ్లీ ఆ శుక్రవారానికి వస్తాను. జుమ్మా నమాజు తర్వాత ఖననం. పదకొండు లోపల స్నానం చేయించాలి. తమ్ముడి కోడలు, "పోనీలే అక్కా, ఇంకో గుడ్డ తెప్పిస్తాం" అంది. ఐదూ ఇవే అని నానీమా చెప్పిన మాట నా చెవుల్లోనే ఉంది. ఇచ్చింది నేను, తేవలసింది నేను. గుడ్డ బడి నాటకానికి పోయిందని ఆమెకు చెప్పి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బడికి పోయాను.

సాయంత్రం నాటకం గనుక పొద్దున్నే పిల్లలందరూ వేషాలతో ఉన్నారు. మరియమ్మ వేషం పిల్ల బొమ్మను ఎత్తుకుని నిలబడి ఉంది, తలమీద మా గుడ్డ. పాటల టీచరును పక్కకు పిలిచి చెప్పాను. చెప్పకూడదన్నది కూడా చెప్పాను, అది కఫన్ అని. ఆమె హార్మోనియం పెట్టెమీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి, తనే పోయి ఆ పిల్ల గడ్డం కింది మడత విప్పింది. గుడ్డను రెండు చేతులమీద పెట్టుకుని, "నేను కూడా వస్తాను" అంది. ఆ పిల్లకు నేను నా తెల్ల ముసుగు ఇచ్చి, పైట కప్పుకుని వెనక్కు నడిచాను.

స్నానం చేయించే ఆమె గుమ్మంలో ఆపింది. ఎక్కడినుంచి తెచ్చామో ఆమెకు అప్పటికే ఎవరో చెప్పారు.

"నాటకంలో తిరిగిన గుడ్డా? వాళ్ల పండగ గుడ్డ నేను వేయను."

నేను పెద్దవాళ్ల ముందు మాట్లాడే మనిషిని కాను. నోరు ఎండిపోయింది. అరుగుమీద నానీమా కూజా కనిపించింది. ఒక గుక్క తాగి చెప్పాను. "పండగకు ఇయ్యలేదక్కా. బీబీ మర్యం తలమీద కప్పమని నానీమా తన చేత్తో ఇచ్చింది. ఐదూ ఇవే వేయమనింది. మన ఇష్టం కాదు గదా, ఆమె మాట."

ఆమె గుడ్డ అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్టెలోని కర్పూరం వాసన ఇంకా ఉంది. "ఇన్నేండ్లు దీన్ని ఉతికింది ఎవరు?"

వాకిలి బయట నిలబడిన టీచరు తల వంచుకునే చెప్పింది. "నేనేనమ్మా. ఇంకొకరి చేతికి ఇయ్యలేదు."

స్నానం చేయించే ఆమె, "లోపలికి రా. ఎండలో ఎంతసేపు నిలబడతావు" అని టీచరును పిలిచి, గుడ్డను మిగిలిన నాలుగింటి పక్కన పెట్టింది.

అంచుమీద చెమ్కీ ముక్క ఒకటి అంటుకుని ఉంటే నేను గోటితో తీశాను. నానీమా తలకు ఆ ముసుగు చుట్టేటప్పుడు నుదుటిమీద ఒక నెరిసిన వెంట్రుక జారింది. దాన్ని లోపలికి సర్ది, గడ్డం కింద మడత పెట్టాను, ఆమె ఆ పిల్లకు పెట్టి చూపించినట్టే.

సాయంత్రం పుస్తకం తెరిచాను. డిసెంబరు 22: నానీమా తలముసుగు, బడికి. రావాలి. పక్కన రాశాను. డిసెంబరు 23: వచ్చింది, ఆమెకే ముట్టింది. చెల్లు. గీత కొట్టేటప్పుడు చూస్తే, పొద్దున తీసిన చెమ్కీ ఇంకా నా గోటికే ఉంది. అది ఆ వరుస మీద రాలింది. తుడవలేదు, పుస్తకం అలాగే మూశాను.