చెల్లెలని రాసిన కాగితం

మా చర్చిలో పాస్టరు ఉండడు. పాతికేళ్ల కిందట నేను అందులో చేరింది ఆ ఒక్క కారణానికే అన్నా తప్పు లేదు. చిన్నప్పుడు మా పేట చర్చిలో పాస్టరు గారు రెండేసి గంటలు గొంతు చించుకునేవారు. దానివల్ల నా నిద్ర చెడిందే తప్ప పాపమేమీ తగ్గలేదు. ఊళ్లోవాళ్లు మోర్మన్ చర్చి అని పిలిచే ఈ సంఘంలో అలా కాదు. ఆదివారం మామూలు మనుషులే లేచి మాట్లాడతారు. వారం ముందు మా సంఘం పెద్ద అయిన బ్రాంచి ప్రెసిడెంటు గారు ఫోన్ చేసి, ఫలానా విషయం మీద పది నిమిషాలు మాట్లాడాలి అని చెబుతారు. ఆయనకూ జీతం ఉండదు, మాట్లాడేవాళ్లకూ ఉండదు.

అద్దె ఇంటి మేడ మీద కూడుకునే రోజుల్లో ఒక తాపీ మేస్త్రీ మాట్లాడిన తీరు నాకిప్పటికీ గుర్తుంది. తొమ్మిదేళ్లుగా తమ్ముడితో మాటల్లేవని, పొద్దున్నే ఆ తమ్ముడి గుమ్మం ముందు నిలబడి వచ్చానని చెప్పాడు. "వాడు తలుపు తీయలేదండి. మళ్లీ వెళ్తానండి" అని కూర్చున్నాడు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ప్రసంగం అంటే నా లెక్కలో అది.

ఇప్పుడు సొంత భవనం ఉంది, ఏసీ ఉంది, మంచి మైకు ఉంది. మాటలే లేవు. లేచినవాళ్లు జేబులోంచి ఫోన్ తీసి, ఎక్కడో అమెరికాలో ఎవరో పెద్దాయన మాట్లాడినదాన్ని, ఇంకెవరో తెలుగు చేసినదాన్ని, చివరి చుక్క దాకా చదివి దిగిపోతారు. నేను బడికి వెళ్లింది మూడో తరగతి వరకే. మిగతా చదువంతా ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెసర్ పక్కన స్టూలు మీద కూర్చుని, చేపలు చుట్టడానికి తెచ్చిన పాత పేపర్లు చదివి నేర్చుకున్నదే. కష్టపడి నేర్చుకున్న తెలుగు కాబట్టి, ఎవరైనా దాన్ని అలా ఈడ్చుకుపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ మాట ప్రెసిడెంటు గారికి చాలాసార్లు చెప్పాను. ఆయన మా అబ్బాయి వయసువాడు, మర్యాదస్తుడు. "నేర్చుకుంటారులెండి బాబాయి గారూ" అంటాడు. పదేళ్లుగా నేర్చుకుంటూనే ఉన్నారు.

ఆ ఐస్ ఫ్యాక్టరీలోనే నా స్నేహితుడు పరిచయమయ్యాడు. గోదాట్లో వల వేసుకునే కుటుంబంలో పుట్టి, తర్వాత చేపల వ్యాపారంలోకి దిగాడు. తెల్లారకముందే ఐస్ దిమ్మల కోసం వచ్చేవాడు. ఇద్దరికీ ఒకే వయసు. మొదటి ఏడాదిలోనే బావా అంటే బావా అనుకున్నాం. అతని భార్యది ఉప్పాడ. నన్ను అన్నయ్యా అనేది. నలభై ఏళ్లలో నన్ను వేరే పేరుతో పిలవలేదు. మా ఆవిడ పురిటికి వెళ్లిన రెండు నెలలూ నాకు క్యారేజీ పంపింది ఆవిడే. నేను చర్చిలో చేరి, అక్కడి నియమం ప్రకారం టీ, కాఫీ మానేసినప్పుడు బాగా ఏడిపించింది కూడా ఆవిడే.

"టీ మానేస్తే పైకెళ్తారా అన్నయ్యా? అయితే మా గేదె నీకంటే ముందెళ్తది."

పోయిన ఏడాది ఆవిడ పోయింది. జ్వరమని ఆస్పత్రికి వెళ్లి అయిదో రోజున అక్కడే కన్నుమూసింది. పెద్దకర్మ అయిన సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, అరుగు మీద కూర్చుని నా స్నేహితుడు అడిగాడు.

"ఇన్ని పుస్తకాలు చదివావు కదా బావా. అది ఇప్పుడు ఎక్కడుందంటావు?"

నా దగ్గర జవాబు ఉంది. మా సంఘం నమ్మేది అదే. భార్యాభర్తల బంధం చావుతో తెగిపోదని మేం నమ్ముతాం. చనిపోయినవాళ్ల తరఫున బతికున్నవాళ్లు మా మందిరంలో, అంటే ఈ చర్చి కాక ఇలాంటి కార్యాలకే కట్టిన వేరే గుడిలో, బాప్తిస్మం తీసుకోవచ్చని, అవతలి లోకంలో వాళ్లు ఇష్టమైతే దాన్ని ఒప్పుకుంటారని, లేకపోతే లేదని నమ్ముతాం. కానీ దహనం చేసి పక్షం కూడా కాని ఇంట్లో కూర్చుని బాప్తిస్మం మాట ఎలా ఎత్తను? "మంచిచోటే ఉంటుంది బావా" అన్నాను. ఆ మాట ఎవరైనా అంటారు. అంత పేలవమైన జవాబు చెప్పానని చాలా రోజులు బాధపడ్డాను.

ఆ బాధలోనే తప్పు చేశాను. మా చర్చిలో వంశావళి వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే బ్రదర్ ఒకాయన ఉన్నారు, రిటైరైన బడి మాస్టారు. ఒకరోజు ఆయన దగ్గర కూర్చుని ఆ బాప్తిస్మం కోసం ఆవిడ పేరు రాయించాను. పుట్టిన ఊరు ఉప్పాడ అన్నాను. పుట్టిన సంవత్సరం ఉజ్జాయింపుగా చెప్పాను. బంధుత్వం ఏంటండి అని ఆయన అడిగారు. బావ భార్య మనకి చెల్లెలు కాక ఏమవుతుంది? చెల్లెలన్నాను. మా ప్రాంతంలో ఆ మాటకు ఎవరూ రుజువు అడగరు, ఆయనా అడగలేదు. "దగ్గరి బంధువుల అనుమతి ఉండాలండి, ఉందా?" అన్నారు. ఉందన్నాను. అన్నని నేనే కదా అని మనసులో సర్దుకుని సంతకం కూడా పెట్టాను.

ఇప్పుడు కావలసింది నా స్నేహితుడికి ఆ సంగతి చెప్పడం. నేను చెబితే బాగుండదనిపించింది. చర్చిలో ఎవరైనా మంచిగా మాట్లాడగా విని, తనంతట తనే అడిగితే అప్పుడు చెబుదామనుకున్నాను. ప్రెసిడెంటు గారి దగ్గరకు వెళ్లి, మా స్నేహితుణ్ణి తీసుకొస్తాను, ఆ ఆదివారం చనిపోయినవాళ్ల గురించి, కుటుంబాల గురించి మాట్లాడించండి అన్నాను. ఫోన్ చూసి చదివేవాళ్లను మాత్రం పెట్టొద్దని బతిమాలాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు.

స్నేహితుణ్ణి పిలవడం ఏమంత కష్టం కాలేదు. ఒంటరి ఇంట్లో ఆదివారం గడవడం లేదు అతనికి.

"మీ చర్చిలో టీ కూడా పొయ్యరంట కదా, ఎలా కూర్చుంటారేంటి?" అన్నాడు.

"గంటే బావా. అయ్యాక బయట నువ్వు తాగుదువుగాని."

ఉతికిన పంచె కట్టి, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. గేటు దగ్గర నా టై చూసి, "గేదెకి పలుపు కట్టినట్టుంది" అన్నాడు. వెనక వరసలో కూర్చున్నాం. ప్రభు భోజనంగా రొట్టె, నీళ్లు పంచేటప్పుడు అతను తీసుకోనక్కర్లేదని నేను చెవిలో చెప్పాను. తల ఊపి చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

మొదట లేచిన అమ్మాయి బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది. ఫోన్ తీసింది. ఒక కుటుంబం కొండ మీది ఇంటికి కారులో వెళ్తుంటే మంచు కురిసి కారు ఇరుక్కుపోయిందట. వాళ్లు దుప్పట్లు కప్పుకుని ప్రార్థన చేశారట. అందులోంచి కుటుంబ ఐక్యత గురించి ఎన్నో సంగతులు బయటపడ్డాయి. తెలుగులో క్రియ ఎక్కడుండాలో తెలియనివాళ్లెవరో తర్జుమా చేశారు. ఆ అమ్మాయి చుక్కలు, కామాలు కూడా వదలకుండా చదివింది.

నా స్నేహితుడు నావైపు వంగాడు. "ఈ హాల్లో మంచు చూసినోళ్లం మనిద్దరమే. నీ ఐస్ గదిలో నేను ఇరుక్కున్న కథ చెప్పమను, అది నయం."

నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాను. ఆ రోజు అతను నన్ను బావలా చూసి మాట్లాడిన ఆఖరి మాట అదే.

రెండోసారి లేచింది మా రిటైర్డ్ మాస్టారు. ఆయన ఫోన్ తీయలేదు. నేను కోరినట్టే, చూడకుండా, సొంత మాటలతో, మంచి తెలుగులో మాట్లాడారు. చనిపోయినవాళ్లని మరిచిపోకూడదని, ఒక్కొక్కరూ ఒక్కో పేరు తేవాలని చెప్పారు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. నావైపు చెయ్యి చూపించారు.

"మన పెద్ద బ్రదర్ గారు తన చెల్లెలి పేరు ఇచ్చారండి. బాప్తిస్మం కోసం మందిరానికి వెళ్లబోతోంది ఆ పేరు. ఆ చెల్లెమ్మ భర్తగారు కూడా ఈ రోజు మన మధ్యనే ఉన్నారు. ఎంత సంతోషం. ఆవిడ అక్కడ ఎదురుచూస్తూ ఉందండి."

అందరూ వెనక్కి తిరిగి మా వరసను చూసి నవ్వారు. వాళ్ల నవ్వులో చెడు ఏమీ లేదు. నా స్నేహితుడు నన్ను చూడలేదు. ముందు కుర్చీ వెనకభాగాన్నే చూస్తూ కూర్చున్నాడు. చివరి పాట అయ్యేదాకా, ప్రార్థన అయ్యేదాకా అలాగే ఉన్నాడు. ఎవరింటికో వెళ్లి మధ్యలో లేచి వెళ్లిపోయే రకం కాదు. బయటికొస్తుంటే కుర్రాళ్లు చెయ్యి కలిపి, "వచ్చే ఆదివారం కూడా రండి అంకుల్" అన్నారు. అందరికీ నమస్కారం పెట్టాడు.

రోడ్డుకి అవతల టీ బడ్డీ దగ్గర ఆగాడు. "ఒకటి చాలు, ఆయన తాగరు" అన్నాడు బడ్డీవాడితో. గ్లాసు సగం అయ్యాక అడిగాడు.

"ఎప్పుడు రాశావు?"

"నెలయింది."

"ఈ నెలలో ఎన్నిసార్లొచ్చావు మా ఇంటికి?"

నేను టై ముడి వదులు చేసుకున్నాను.

"చెల్లెలని రాశావా?"

"అవును. నన్ను అన్నయ్యా అనేది కదా బావా."

"అనేది. ఎవరి సంతకం మరి?"

"నాదే."

"పుట్టింటోళ్లు పిల్లని తీసుకెళ్లాలన్నా మొగుడితో ఓ మాట చెప్పి తీసుకెళ్తారు. అన్నవే కదా, ఆ మాత్రం తెలీదా?"

బలవంతమేమీ లేదని చెప్పాను. అక్కడ ఆవిడకి ఇష్టమైతేనే ఒప్పుకుంటుందని, అది అడగడం లాంటిదేనని చెప్పాను. అతను గ్లాసు కింద పెట్టాడు.

"చచ్చినదాన్ని అడగడానికి పోయావు. బతికున్నాను కదా, నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే వద్దంటావని."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. కానీ బయటికొచ్చింది మాత్రం నిజం.

"అంటే ముందే తెలుసన్నమాట" అన్నాడు. గొంతు పెంచలేదు. "దాని పుట్టిన సంవత్సరం ఏం రాయించావు? దానికే తెలీదు." బడ్డీవాడికి డబ్బులిచ్చి, "ఇంక నన్ను బావా అనకు" అని ఆటో ఎక్కాడు.

మూడు రోజులు ఆ మాస్టారి మీద నిప్పులు కక్కాను, ఇంట్లోనే. నాలుగో రోజు ఆయన ముందుకే వెళ్లి, అలా మైకులో ఎలా చెబుతారండి అని అడిగాను. "మీరే కదండీ అనుమతి ఉందన్నారు. ఆయనకి తెలుసనుకున్నానండి." పేరు తీసేయమన్నాను. ఆయన నా ఎదురుగానే కంప్యూటర్‌లో తీసేశారు. నేను సంతకం చేసిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, క్షమాపణ కూడా చెప్పారు. క్షమాపణ చెప్పాల్సింది ఆయన కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాతి వారం ప్రెసిడెంటు గారి ఫోన్ వచ్చింది. వచ్చే ఆదివారం పది నిమిషాలు నేను మాట్లాడాలట. విషయం, స్నేహితులను చర్చికి ఆహ్వానించడం. "మీకంటే అనుభవం ఎవరికుందండి బాబాయి గారూ" అన్నాడు. పాపం, ఆ రోజు బయట జరిగినదేమీ అతనికి తెలియదు. వద్దన్నాను. ఇన్నేళ్లలో నేను వద్దనడం అదే మొదలు. అక్కడ నిజం చెప్పాలంటే నా స్నేహితుడి సంసారాన్ని మళ్లీ ఆ మైకు ముందు పెట్టాలి. వేరే ఏదైనా చెప్పాలంటే నేనూ ఫోన్ తీయాలి. ఇక్కడ రాస్తున్నానంటే ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు కాబట్టే.

శనివారం చేపల మార్కెట్‌కి వెళ్లాను. నా స్నేహితుడు ఎప్పటిలాగే తన అరుగు మీద, కత్తిపీట ముందు కూర్చుని ఉన్నాడు. జనం కొంచెం తగ్గేదాకా పక్కన నిలబడ్డాను. జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను.

"తీసేయించాను. ఇంకెక్కడా లేదు" అన్నాను.

చేతులు తుడుచుకుని తీసుకున్నాడు. చదువు రాదు అతనికి. అయినా పై నుంచి కింద దాకా చూశాడు. మడిచి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు.

"ఏం కావాలండి?" అన్నాడు.

వెనకాల ఒకావిడ సంచి పట్టుకుని నిలబడి ఉంది. ఏదో ఒకటి చెప్పాలి. చిన్న శీలావతి ఒకటి అన్నాను. మంచిదే ఏరాడు. పొలుసు తీసి, కడిగి, ముక్కలు కోశాడు. మొప్పల దగ్గర చెయ్యి ఆపి నా వైపు చూశాడు.

"తల ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

నలభై ఏళ్లుగా మా ఇంట్లో ఆ తల నా కంచంలోకే వెళ్తుందని అతనికి తెలుసు.

"ఉంచండి" అన్నాను.