బాబుగారి పక్క కుర్చీ

పాత గ్రూపు ఫొటో ఎవరు చూపించినా నేను ముందు మొహాలు చూడను. కుర్చీల్లో ఎవరు, వెనక నిలబడ్డది ఎవరు, అదే చూస్తాను. కుర్చీలు మగవాళ్లవి. ఆడది కూర్చుందంటే పక్కనున్న మగవాడి భార్య అన్నమాటే. చదువుకున్నదా, పాఠాలు చెప్పిందా, ఎవడిక్కావాలి!

డెబ్బైల్లో బెజవాడ దగ్గర కాలవగట్టు మీది ఆడపిల్లల బడిలో అమ్మ టెంపరరీ టీచరు. పర్మినెంటు చెయ్యడమా, ఇంటికి పంపడమా అన్నది బడి పెట్టిన బాబుగారి చేతిలో ఉంది. ఉద్యోగం పోతే అమ్మమ్మతో పాటు మళ్లీ వరినాట్లకు దిగాల్సిందే.

బడి ఫొటో రోజున పక్కింటి పాస్టరమ్మగారు తన పెద్దంచు పట్టుచీర తెచ్చి అమ్మకు కట్టింది. "ఫొటో అంటే మాటలా!" అంది.

గవర్నర్‌పేట నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరుకు మనుషులు తెలియరు, చీరలే తెలుసు. బాబుగారి భార్య ఆ రోజు రాలేదు, ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. వెనక వరసలో నిలబడ్డ అమ్మను చూసి, "అదేంటండీ అమ్మగారూ, మీరు అయ్యగారి పక్కన కూర్చోవాలండీ" అన్నాడు. అమ్మ ఏదో చెప్పబోయింది. "ఎండ పోతోందండీ, కూర్చోండి!" అని కసిరి నల్లగుడ్డలో దూరాడు.

నేను బడిపిల్లలతో పాటు ముందు చాప మీద ఉన్నాను. తల తిప్పకూడదు. వెనక కుర్చీ కిర్రుమంది. టీచర్ల గుసగుసలు టక్కున ఆగిపోయాయి. అమ్మో, కూర్చుంది! నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎవరూ కదలకండి" అన్నాడతను. సరిగ్గా అప్పుడే కుర్చీ మళ్లీ కిర్రుమంది.

ఫొటో వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. బాబుగారు మాత్రం తన పక్కన ఎవరు కూర్చున్నారో గమనించనే లేదు. టీచర్ల మొహాలు ఆయన ఏనాడు చూశాడు గనక!

ఫొటో వచ్చాక ఆయన భార్య ఆఫీసు గదికి వచ్చి చూసింది. అమ్మ రోజూ కట్టే వాయిల్ చీరలో ఆవిడ పక్కనే నిలబడి ఉంది, నేను ఆ కొంగు పట్టుకుని ఉన్నాను. ఫొటోలో అమ్మ లేవబోతూ కదిలింది. మొహం పూర్తిగా చెరిగిపోయింది. కుచ్చిళ్ల దగ్గర పెద్దంచు మాత్రం బాగా పడింది.

"నా కుర్చీలో ఎవరీవిడ?" అందావిడ. టీచర్లందరూ నేల చూపులు చూశారు. ఒక్కరు నోరు జారితే చాలు. ఆవిడ అమ్మ వైపు తిరిగింది.

"ఇంత అంచు చీర మన టీచర్లకెక్కడిదిలే! ఏమ్మా టీచరూ, నీకేమన్నా తెలుసా?"

"ఎవరో పెద్దింటావిడండీ అమ్మగారూ" అంది అమ్మ. "మనకి తెలిసినావిడ కాదండీ."

ఉద్యోగం పర్మినెంటయింది. ఫొటోకు అద్దం కట్టించి ఆఫీసు గదిలో తగిలించారు. దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా అమ్మ నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకునేది.