ఒక్క పని మనుషులు

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెని అందరూ కాలరక్క అంటారు. అసలు పేరు హాజరు కార్డు మీద ఉంది గానీ, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూస్తుంది, ఇంకెవర్నో పిలిచారేమోనని. పెళ్ళికి ముందు కాలర్ మెషిన్ ముందు కూర్చుంది. పెళ్ళయింది, అది మూణ్ణాళ్ళ ముచ్చటగా ముగిసింది, ఆమె మాత్రం అదే స్టూలు మీద ఉంది. నిలబడ్డానికి లోపల బక్రం గుడ్డ పెట్టి కుట్టడం, అంచు కత్తిరించడం, తిరగేసి కొనలు బయటికి తియ్యడం, పైన ఇంకో కుట్టు. దారిలో ఏ మగవాడు ఎదురొచ్చినా ముందు అతని మెడ వంక చూస్తుంది.

"నీ చూపుకి ఎవడో ఒకడు వెంటపడతాడే," అని పక్కన జేబులు కుట్టే జేబులామె ఏడిపిస్తుంది.

"పడనీ. ముందు ఆ కాలర్ విప్పి నాకిమ్మంటా, వంకర సరిచేసి ఇస్తా."

ఇన్నేళ్ళూ కాలర్లు కుట్టిన ఆ మనిషికి చొక్కా కుట్టడం రాదు. ఆమెకే కాదు, ఆ హాలులో వరసగా కూర్చున్న ఎవరికీ రాదు. చొక్కా అక్కడ ముక్కలుగా పుడుతుంది. జేబులామె జేబులే కుడుతుంది. కఫ్ పిన్ని చేతి పట్టీలే కుడుతుంది. కాజాల పిల్ల కాజాలు మాత్రమే తీస్తుంది. పక్క మెషిన్ ముట్టుకోకూడదని రూలు. పని వేగంగా సాగడానికని పైవాళ్ళు చెబుతారు. సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, చొక్కా మొత్తం కుట్టగలిగిన మనిషి టైలర్ అవుతుంది, టైలర్ని టైలర్‌గా చూడాల్సి వస్తుంది. ముక్క కుట్టే మనిషి ఎన్నేళ్ళయినా ఆపరేటరే. ఇవాళ తీసేసి రేపు ఇంకొకర్ని కూర్చోబెట్టొచ్చు.

ఆ మధ్య శాంపిల్ గదిలో ఒక చోటు ఖాళీ అయింది. కొత్త రకం చొక్కా ఏదొచ్చినా మొదటి చొక్కాని మొదటి నుంచి చివరిదాకా ఒక్కరే కుట్టే గది అది. కిటికీ ఉన్న గది. కాలరక్కకి ఆ గది మీద ఎప్పట్నుంచో కన్ను. పరీక్ష పెట్టి మనిషిని తీసుకుంటారని తెలిసి, తన పేరు రాయమని సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన నోటి నుంచి రోజుకి ఎన్నిసార్లు టార్గెట్ అనే మాట వస్తుందో లెక్కలేదు కాబట్టి వెనకాల అందరూ ఆయన్ని టార్గెట్ సార్ అనే అంటారు.

"నువ్వా? నువ్వు కాలర్ మనిషివి కదమ్మా," అన్నాడాయన.

"మిగతావి నేర్పించండి సార్. నేర్చుకుంటా."

"నేర్పిస్తూ కూర్చుంటే నా టార్గెట్ ఎవరు చూస్తారు? నీ కాలర్‌కి వంక పెట్టేవాళ్ళు లేరు. ఉన్నచోట హాయిగా ఉండు."

మెచ్చుకున్నట్టే ఉంది గానీ, తలుపు మొహం మీద వేసేశాడు. కాలరక్క వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆ పూట ఆమె మెషిన్ చప్పుడు పక్కవాళ్ళకి చెవులు పోటెత్తించింది.

కాలరక్క, జేబులామె, కఫ్ పిన్ని, కాజాల పిల్ల నలుగురూ టైర్ల షాపు పైన ఒకే గదిలో అద్దెకుంటారు. కాజాల పిల్ల అకౌంట్లు నేర్చుకుందామని పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కుంది. అకౌంట్లు రాలేదు గానీ, పాత యజమాని తీసెయ్యడం మర్చిపోయిన ఆట ఒకటి అందులో దొరికింది. నలుగురు మనుషుల్ని తయారుచేసుకుని ఒక జట్టుగా పాడుబడ్డ కోటలోకి పంపాలి. ఒక్కొక్కళ్ళకి ఏ విద్య కావాలో మనమే ఎంచుకోవాలి: కత్తి, మంత్రం, వైద్యం, తాళాలు తియ్యడం, ఇంకా బోలెడు. గెలిచినకొద్దీ పాయింట్లు వస్తాయి. వాటిని ఏ విద్యలో పోస్తే ఆ విద్య పెరుగుతుంది. పోసింది వెనక్కి రాదు. వంతులవారీగా సాగే ఆట కాబట్టి మౌస్ ఒక్కటే అయినా నలుగురూ ఆడొచ్చు. సెలవు రోజు మధ్యాహ్నం, బట్టలు ఆరేసి వచ్చి, మంచం మీద ఇద్దరూ కింద ఇద్దరూ చేరి ఆడతారు.

"నా చెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉంటుంది కదా, నేను దొంగని," అని జేబులామె తాళాల విద్య తీసుకుంది. కాజాల పిల్ల నిప్పు మంత్రం తీసుకుంది. కాలరక్క కత్తి పట్టింది. వైద్యం ఎవరికని అనుకోనైనా అనుకోలేదు.

"మందులు పిన్నే చూసుకుంటుందిలే," అన్నారు ముగ్గురూ ఒకేసారి. నీకేం కావాలని పిన్నిని అడగలేదు. ఇంట్లో కూడా ఆవిడ్ని ఎవరూ అడగలేదు ఎప్పుడూ.

తర్వాత వాళ్ళు చేసిన పొరపాటు ఆ హాలులో కూర్చునే మనుషులు మాత్రమే చెయ్యగలిగింది. వచ్చిన ప్రతి పాయింటూ ఎవరి విద్యలో వాళ్ళు దిమ్మరించారు. దొంగకి తాళం తప్ప ఇంకేదీ రాదు, చిన్న కత్తి ఇచ్చినా పట్టుకోలేదు. పిన్ని గాయాలు మాన్పుతుంది, తన మీదికి ఎలక వచ్చినా కొట్టలేదు. మందు సీసాలన్నీ పిన్ని సంచిలోనే, తాళపు పుల్లలన్నీ జేబులామె దగ్గరే. కొన్ని వారాలు బ్రహ్మాండంగా నడిచింది. కోట నేలమాళిగలో ఒక గదిలోకి దిగారు, వెనకాల తలుపు మూసుకుంది. ఆ గదిలో ఉన్న రాక్షసుడు మొదటి దెబ్బకే పిన్నిని పడగొట్టాడు. కట్టు కట్టడం మిగతా ముగ్గురికీ రాదు. రెండో దెబ్బకి దొంగ పడింది. ఇక తలుపు తీసేవాళ్ళు లేరు. కాజాల పిల్ల మంత్రాలు అయిపోయేదాకా నిప్పులు కురిపించింది, కాలరక్క చివరిదాకా కత్తి తిప్పింది. జట్టు మొత్తం పోయింది.

"ఛ, ఆటే తప్పు. ఈ గది ఎవడూ దాటలేడు," అంది జేబులామె.

కాలరక్క తెర మీద పడి ఉన్న నలుగురినీ వేలితో చూపించింది. "ఆట తప్పేం కాదు. మనం జట్టు కట్టలేదే. ఫ్యాక్టరీ లైను వేశాం. కఫ్ రాకపోతే చొక్కా ఆగిపోయినట్టు, పిన్ని పడిపోగానే అందరం ఆగిపోయాం."

"అయితే ఏం చెయ్యమంటావ్? అన్నీ కొంచెం కొంచెం నేర్చుకుంటే ఏదీ గట్టిగా రాదు. దోమని కూడా చంపలేం."

"అన్నీ వద్దు. ఎవరి పని వాళ్ళకి గట్టిగా రావాలి. దాంతోపాటు పక్కదాని పని గండం గడిచేంత రావాలి."

మొదటి నుంచి మళ్ళీ మనుషుల్ని తయారుచెయ్యడం మొదలెట్టారు. కాజాల పిల్ల అలవాటుగా పిన్నికి వైద్యం నొక్కబోతే పిన్ని చెయ్యి పట్టుకుంది.

"నాకు గొడ్డలి కావాలి."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఏంటలా చూస్తారు? పుట్టింట్లో మందులు, అత్తింట్లో మందులు, ఆఖరికి ఈ డబ్బాలో కూడా మందులేనా? చూపించు, అన్నిట్లోకీ పెద్ద గొడ్డలి ఏదో."

"గొడ్డలి సరే పిన్నీ, రెండోదానికి ఏం పెట్టను?"

"తాళాలు పెట్టు. నా తలుపు నేనే తీసుకుంటా."

ఆ కొత్త జట్టు నేలమాళిగ దాటింది. కింద షాపులో టైర్లు మార్చే అబ్బాయిలు, పైన ఎవరి తల పగిలిందోనని మెట్లెక్కి వచ్చారు, పిన్ని వేసిన కేకలకి.

ఆ మర్నాడే కాలరక్క ఫ్యాక్టరీలో అసలు పని మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం డబ్బాలు తొందరగా ముగించి నలుగురూ మెషిన్ల దగ్గరికి వచ్చేవాళ్ళు. కటింగ్ టేబుల్ కింద పడేసిన పీలికల మీద ఒకరి పని ఒకరు నేర్చుకునేవాళ్ళు. కాలరక్క కుట్టిన మొదటి జేబు చూసి జేబులామె, "ఇందులో చిల్లర వేస్తే మోకాలి దగ్గర తేలుతుంది," అంది. కాజా మెషిన్ మరీ ప్రమాదం, దాని కత్తి పడితే గుడ్డ తెగినట్టే, వెనక్కి తీసుకునేది లేదు. "కొలిచాక ఊపిరి బిగబట్టి నొక్కు అక్కా," అని కాజాల పిల్ల నేర్పింది. చెడిపోయిన చొక్కాలు రెండు విప్పదీసి, మళ్ళీ మొత్తం కుట్టారు. మెడ ఎక్కడ కలుస్తుందో, చెయ్యి అతికే గుండ్రం ఎందుకలా వంపు తిరుగుతుందో కాలరక్కకి అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళుగా తను కుట్టిన కాలర్ ఏ భుజాల మీదికి వెళుతుందో మొదటిసారి చూసింది.

ఒకరోజు పిన్ని జేబుల మెషిన్ మీద ఉండగా టార్గెట్ సార్ పట్టుకున్నాడు.

"ఎవరి సీట్లో వాళ్ళుండాలని రూల్ తెలీదా? ఇంకోసారి కనబడితే మెమో ఇస్తా."

"భోజనం టైమ్ మాది సార్," అంది కాలరక్క.

"మెషిన్ కంపెనీది."

 మర్నాడు కూడా నలుగురూ మెషిన్ల ముందు కూర్చున్నారు.

శాంపిల్ గది పరీక్ష దగ్గర పడ్డ రోజుల్లో కాజాల పిల్లకి జ్వరం వచ్చింది. సాయంత్రానికి లారీ వెళ్ళాలి. కాజాల మెషిన్ దగ్గర చొక్కాలు గుట్టగా పేరుకుపోయాయి. టార్గెట్ సార్ పక్క లైను నుంచి మనిషిని తెద్దామని పరిగెత్తి, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. వచ్చేసరికి కాలరక్క కాజాల మెషిన్ ముందుంది, ఆమె స్టూలు మీద జేబులామె ఉంది, కఫ్‌లూ జేబులూ రెండూ పిన్ని చూస్తోంది.

"లే అక్కణ్ణించి."

"లేస్తాను సార్. ఎవరు కూర్చుంటారు?"

అప్పటికి ఆమె తీసిన కాజాల్ని ఆయన వేలితో తడిమి చూశాడు. గడియారం చూశాడు. పైనుంచి ఆయనకీ ఫోన్లు వస్తున్నాయి పాపం, చెమట కారుతోంది. "సరే, ఈ పూటకి కానివ్వు," అన్నాడు.

కాలరక్క పెడల్ మీద నుంచి కాలు తీసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ పూటకే అయితే ఈ పని మాకు రాదు సార్. మేం ఒక్క పని మనుషులం. వచ్చు అని మీరు ఒప్పుకుంటే, పరీక్షకి పేర్లు రాయండి."

వెనకాల రెండు మెషిన్ల చప్పుడు కూడా ఆగింది. అందరూ తలలు తిప్పారు.

"బెదిరిస్తున్నావా?"

"అడుగుతున్నా. మొదట కూడా అడిగాను."

"సరే, నీ పేరు రాస్తా. మొదలుపెట్టు."

నిజం చెప్పాలంటే అక్కడ ఆమె ఒక్క క్షణం తడబడింది. కోరుకున్నది అదే. కిటికీ ఉన్న గది. నోరు మూసుకుంటే చాలు.

"నలుగురివీ రాయండి. జ్వరంలో ఉన్న దాంది కూడా," అంది.

రాశాడు. లారీ వెళ్ళింది.

పరీక్ష రోజు నలుగురికీ నాలుగు బల్లలు, గుడ్డ, కత్తెర ఇచ్చారు. శాంపిల్ గది చూసే మేడమ్ చొక్కాలు తిరగేసి, లోపలి కుట్లు చూసి, భుజాలు లాగి చూసి, ఖాళీ అయిన ఆ చోటుకి పిన్నిని ఎంచుకుంది. కాలరక్క చొక్కాకి మెడ ముద్దొచ్చేలా ఉందట, చేతులు ఎక్కించిన చోట మాత్రం ముడతలు ఉన్నాయట.

పిన్నికి సంతోషం కన్నా భయం ఎక్కువైంది. కాలరక్కని వరండాలోకి లాక్కొచ్చి, "నేను వెళ్ళనే. కొట్లాడింది నువ్వు," అంది.

"కొట్లాడింది నేనే. ముడతలు కూడా నావే. నువ్వు వద్దంటే బయట నుంచి ఎవర్నో తెస్తారు, ఆపరేటర్లకి చేతకాదని ఇంకో పదేళ్ళు చెప్పుకుంటారు. వెళ్ళు పిన్నీ. వెళ్ళకపోతే నీతో మాట్లాడను."

ఇదంతా మెట్ల దగ్గర నిలబడి టార్గెట్ సార్ విన్నాడు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన అవకాశం దొరికినట్టు ఆయన మొహం వెలిగింది.

"చూశావా? గొడవ నీది, సీటు ఆవిడది. నీకేం మిగిలింది?"

కాలరక్క కళ్ళు తుడుచుకుంది. దాచుకోలేదు.

"మీ లైనులో కఫ్‌ల సీటు మిగిలింది సార్. రేపట్నుంచి నేను అక్కడ కూర్చుంటా. చేతులు ఎక్కించడం ఎక్కడ తప్పుతున్నానో తెలియాలంటే అక్కణ్ణించే మొదలుపెట్టాలి. కాలర్లకి కాజాల పిల్ల వస్తుంది. కాజాలకి రెండో లైను నుంచి ఇద్దరు అడుగుతున్నారు, నేర్పిస్తున్నాం."

"ఎవరినడిగి?"

"భోజనం టైమ్‌లో వచ్చి అడగండి, మీకూ చెబుతాం," అని ఆమె ఆయన్ని దాటుకుని హాలులోకి నడిచింది. కఫ్ మెషిన్ ముందు స్టూలు ఆమెకి కాస్త ఎత్తుగా ఉంది. దించుకుంది. దారం ఎక్కించింది.