ఆఖరి వరుసలో కుర్చీ

చేవెళ్లలో కాశీనాథ్ స్టీలు సామాన్ల దుకాణం ముందు ఎవరూ ఊరికే నిలబడలేరు. మెట్టు మీద కాలు పెట్టక ముందే "దా అవ్వా, ఏం కావాలె?" అంటాడు. వచ్చిన మనిషి ఆలోచించుకునేలోపు నాలుగు రకాల గిన్నెలు బల్ల మీద ఉంటాయి. తండ్రి నేర్పిన మర్యాద అది. నిలబడ్డ మనిషిని పలకరించకపోవడం పాపం.

మొయినాబాద్‌లో అతని గోదాం ఒకటి ఖాళీగా ఉండేది. మేధో వైకల్యం ఉన్న యువతీయువకులతో నాట్య బృందం నడిపే ఎలీషా దాన్ని కిరాయికి అడిగాడు. కాశీనాథ్ కిరాయి వద్దన్నాడు. కొన్నాళ్లకు అతన్ని ట్రస్టీని చేశారు. మిగతా ఇద్దరు ట్రస్టీలు ఎలీషా, రిటైరైన టీచరు సుమిత్రమ్మ. బృందానికి ఏం తక్కువైనా అడగక ముందే తెచ్చి దింపేవాడు కాశీనాథ్. దింపి వెళ్లిపోయేవాడు. కూర్చుని నాట్యం చూసింది లేదు.

బృందంలో మమత, చిన్న మంగళారం రైతు అంతయ్య కూతురు. మాట ఆమెను చేరడానికీ, ఆమె నుంచి జవాబు రావడానికీ సమయం పడుతుంది. ఆమె ఒక్కతే చేసే నాట్యం కదలకుండా నిలబడటంతో మొదలవుతుంది. ఎంతసేపు అన్నది ఆమె ఇష్టం. తర్వాత ఒక మడమ లేస్తుంది.

మొన్న ఎండాకాలం ఫంక్షన్ హాల్లో ప్రదర్శన పెట్టారు. ట్రస్టీలకు ముందు వరుసలో సోఫాలు. మమత వచ్చి నిలబడింది. ఎవరో దగ్గారు. వెనుక ఒకామె "పాపం, మర్చిపోయినట్టున్నది" అంది.

చూస్తూ కూర్చోవడం కాశీనాథ్ వల్ల కాలేదు. వేదిక ఎక్కాడు. "దా బిడ్డా, ఫికర్ చెయ్యకు" అని చెయ్యి పట్టుకుని దింపాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.

కిందికి వచ్చాక మమత అంది: "నేను షురూ చేసిన."

ఆ తర్వాత ఆమె గోదాంకు రాలేదు.

కాశీనాథ్ కొత్త టిఫిన్ డబ్బా పట్టుకుని చిన్న మంగళారం వెళ్లాడు. మమత అరుగు మీద కొత్తిమీర కట్టలు కడుతోంది. అంతయ్య మంచం వాల్చాడు.

"తప్పయింది బిడ్డా. మళ్ల చేస్తవు గద? ఆఁ, చేస్తవు, ఎందుకు చెయ్యవు!" అన్నాడు కాశీనాథ్. డబ్బా అక్కడ పెట్టి లేచాడు.

సంగతి విని ఎలీషా నవ్వాడు. "నువ్వే అడిగినవు, నువ్వే జవాబు చెప్పినవు. ఇగ మమత ఏం చెప్తది సేటూ?"



వానాకాలం ప్రదర్శన కోసం ట్రస్టీలు కూర్చున్నప్పుడు సుమిత్రమ్మ అంది: "మమతది తీసేద్దాం. మన పిల్లలల్ల సన్నీ ఉన్నడు, చటుక్కున అందుకుంటడు."

"ఆమెను పిలిచి అడుగుదం టీచరమ్మా" అన్నాడు కాశీనాథ్.

ట్రస్టీలు బృందంలో వాళ్లను సమావేశానికి పిలవడం అదే మొదలు. మమత తండ్రితో వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"మళ్ల చేస్తవా మమతా?" కాశీనాథ్ అడిగాడు.

మమత తన ముందు పెట్టిన చాయ్ వైపు చూసింది. రోడ్డు మీద ట్రాక్టరు పోయింది. "చేస్తది సేటూ, నేను జెప్త" అని అంతయ్య మొదలుపెట్టాడు. కాశీనాథ్ అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. తన నోట్లోనూ మాటలు తిరుగుతున్నాయి: ఏం ఫరక్ లేదు బిడ్డా, నీ ఇష్టం, ఎప్పుడంటే అప్పుడు. పెదవి బిగబట్టాడు. చాయ్ మీద మీగడ కట్టింది. సుమిత్రమ్మ గడియారం చూసుకుంది. జవాబు చెప్పడానికి ఇంత ఖాళీ అతని దుకాణంలో ఏ గిరాకీకీ దొరకలేదు.

"చేస్త" అంది మమత.

కాశీనాథ్ ఊపిరి వదిలాడు. ఆమె ఇంకా పూర్తి చేయలేదు.

"సేటు ముంగట కూసోవద్దు."

"అయ్యో, ఆయన ట్రస్టీ కదమ్మా!" అంది సుమిత్రమ్మ.

మమత ఆలోచించింది. "ఆఖరికి కూసోవాలె."

ఎలీషా నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లాడు.

ప్రదర్శన రోజు కాశీనాథ్ తన ప్లాస్టిక్ కుర్చీ తానే మోసుకుని ఆఖరి వరుసలో, భోజనాల గది తలుపు పక్కన వేసుకున్నాడు. అక్కడి నుంచి వేదిక చాలా దూరం. మమత వచ్చి నిలబడింది. హాలు కదిలింది, సర్దుకుంది, మళ్లీ కదిలింది.

పక్కనున్నాయన వంగి అడిగాడు: "ఏమైందన్నా, మర్చిపోయిందా?"

"లే" అన్నాడు కాశీనాథ్. "షురూ చేసింది."