కాడి మీద బరువు

గిద్దలూరులో కొమరోలు రోడ్డు మీద ఎదురెదురుగా రెండు షెడ్లున్నాయి. రెండింట్లోనూ ట్రాక్టరు ట్రాలీలే తయారవుతాయి. కరుణాకరం ట్రాలీ తగిలిస్తే ట్రాక్టరు ఎంత ఎగువైనా ఎక్కుతుందని పేరు. బ్రహ్మం ట్రాలీ ఎంత ఇరుకు డొంకలోనైనా మేకపిల్లలా మలుపు తిరుగుతుందని పేరు.

“ఏంది మామా, బొమ్మలబండి అయిపోయిందా?” అని కరుణాకరం రోడ్డవతలి నుంచి కేకేసేవాడు.

“అయింది అల్లుడా. నీ బండి మలపాలంటే నంద్యాల దాకా పోయి రావాలంట గదా!” అని బ్రహ్మం వెల్డింగ్ అద్దం పైకెత్తి బదులిచ్చేవాడు.

ఈ ఏడు ఎండలు ముదిరినప్పటి నుంచి బ్రహ్మానికి ఒక్క బేరమూ రాలేదు. అంతలో కొమరోలు నుంచి నరసింహులనే పెద్ద రైతు ట్రాలీ కొనడానికి వచ్చి పందెం పెట్టాడు. కరుణాకరం, బ్రహ్మం ఇద్దరూ ట్రాలీలు తేవాలి. ఎండిన వంక అవతల గొర్రెల ఎరువు నింపుకొని, వంకలో ఇసుక దాటి, గట్టెక్కి, చేని వాకిట్లోకి మలుపు తిరగాలి. గెలిచిన బండే కొంటాడు. ఊళ్లో మిగతావాళ్లూ ఆయన్ను చూసే కొంటారు.

“ఇది గూడా పోతే షెడ్డు మూసేయాల్సిందే” అంది బ్రహ్మం భార్య కృష్ణకుమారి.

ముందు బ్రహ్మం ట్రాలీ దిగింది. ఇసుక దాటి గట్టు మొదట్లోకి వచ్చేసరికి ట్రాక్టరు వెనక చక్రాలు ఉన్నచోటే తిరగసాగాయి.

“ఏందన్నా ఇది, ట్రాక్టరు గాల్లో తొక్కుతాంది!” అన్నాడు నరసింహులు.

డ్రైవరు రమణను ఆపమని చెప్పడానికి బ్రహ్మం పరుగెత్తి, ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే కొక్కి దగ్గరి కమ్మీ ఎక్కాడు. ఆయన బరువు పడగానే చక్రాలు కాస్త పట్టాయి. దిగితే మళ్లీ జారాయి. బ్రహ్మం కొక్కి వంకే చూస్తూ నిలబడిపోయాడు.

తరువాత కరుణాకరం బండి గర్జించుకుంటూ గట్టెక్కింది. ఎక్కి, మలుపులో ట్రాక్టరు ముందు చక్రాలు నేలను వదిలి, స్టీరింగు తిప్పినా వినకుండా నేరుగా కంపలోకి పోయింది.

“రెండూ ఒద్దు. మార్కాపురం పోతా” అన్నాడు నరసింహులు.

బ్రహ్మం తండ్రి ఎద్దుల బండ్లు చేసేవాడు. ఎద్దు మెడ మీద బరువు పడకూడదు, సరుకుతో ఉన్నా బండి నొగ, కాడి కట్టే ముందు కొయ్య, ఒంటిచేత్తో లేవాలి అనేది ఆయన లెక్క. బ్రహ్మం అదే కొలతతో ఇరుసును ట్రాలీకి దాదాపు నడిమధ్య పెడుతూ వచ్చాడు. ఎగువలో బరువంతా వెనక్కి ఒరిగి, కొక్కిని పైకెత్తింది. ట్రాక్టరుకు మెడనొప్పి లేదు. దాని నడుము మీద కొంత బరువు పడితేనే చక్రం నేలను పట్టుకుంటుంది. మరీ ఎక్కువ పడితే ముందు చక్రాలు లేస్తాయి. ఎద్దుల బండ్లు చేయని కరుణాకరం ఇరుసును మరీ వెనక పెట్టి అక్కడ తప్పాడు.

“తప్పు నాదే నరసింహులూ. ఎద్దులకు చేసినా ట్రాలీని. ఇరుసు వెనక్కి జరిపి తెస్తా, నాలుగు రోజులాగు” అన్నాడు బ్రహ్మం.

“ఎంత జరుపుతావ్ మామా?” కరుణాకరం కంప ముళ్లు పీక్కుంటూ అడిగాడు.

“నేను వెనక్కి, నువ్వు ముందుకు. యాడ ఆగాల్నో ఎవురిది వాళ్లే తెలుసుకుందాం.”

నాలుగో రోజు బ్రహ్మం ట్రాలీ గట్టెక్కి, మలుపు తిరిగి, చేని వాకిట్లో ఆగింది. నరసింహులు అదే కొన్నాడు.

ఇప్పటికీ ట్రాలీ పంపే ముందు బ్రహ్మం ఇసుక మూటలు నింపి, కొక్కిని ఒంటిచేత్తో ఎత్తి చూస్తాడు. తేలిగ్గా లేస్తే ఇరుసును కోసి మరికాస్త వెనక్కి జరుపుతాడు.

“లేచిందా మామా?” అని రోడ్డవతలి నుంచి కేక.

“లేయలేదురా. నీది తిరిగిందా?”